గాలి నిలిచిన చోటు

ఫోల్కె కుడిచెయ్యి మోచేతిదాకా బకెట్లో ముంచి కూర్చున్నాడు. సాసేజ్‌ల బండి ఆవిడ తన దగ్గరున్న ఐసు ముక్కలన్నీ తెచ్చి అందులో పోసింది. అతను అరవలేదు, మూలగలేదు. ఎడమచేత్తో జెండా మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఎవరో తీసుకోబోతే ఇవ్వలేదు.

కింద కంకర గుంటలో కార్ల పందెం ఆగిపోయింది. మలుపు దగ్గర మైకెన్ తోలిన కారు బానెట్ తెరుచుకుని ఆగి ఉంది. ఆవిరి ఇంకా వస్తూనే ఉంది. ఇందాక ఆ తెల్లటి పొగ చూసి మంటలనుకుని ఫోల్కె పరుగెత్తాడు. పందెంలో జెండా ఊపే మనిషి చెయ్యాల్సిన పనే అది. అతను బానెట్ ఎత్తాడో లేదో, లోపల పై గొట్టం ఊడిపోయి మరిగే నీళ్ళు చేతిమీద పడ్డాయి.

మైకెన్ హెల్మెట్ చంకలో పెట్టుకుని అతని ముందు నిలబడింది. ముఖమంతా మట్టి. కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా ఉంది.

"ఎలా ఉంది ఫోల్కె?"

"ఉంది," అన్నాడు ఫోల్కె. "చెయ్యైతే ఉంది."

జనాన్ని తోసుకుంటూ హిల్డింగ్ వచ్చాడు. మైకెన్‌కి మేనమామ. ఆ చుట్టుపక్కల అడవి ఊళ్ళలో తిరిగే పందెం కార్లలో సగం ఆయన షెడ్డులో తయారైనవే. మైకెన్ కారూ అంతే. అందుకని ఆయన మాట్లాడితే జనం కాఫీ కప్పులు దించి వింటారు.

"లైటు చూసుకోలేదు," అన్నాడు. మైకెన్‌తో కాదు, జనంతో. "ఇంజను వేడెక్కితే ఫ్యాన్ తిరుగుద్ది, ఫ్యాన్‌తో పాటు ఎర్ర లైటు వెలుగుద్ది. వెలిగిన లైటు ఆరకపోతే కారు పక్కకి తియ్యాలి. ఇంతంత లైటు పెట్టా ఎదురుగా. గుడ్డోడికైనా కనపడుద్ది."

"లైటు వెలగలేదు మామయ్యా."

"వెలిగింది."

"నా ముక్కు ముందే ఉంది. వెలగలేదు. ఫ్యానూ తిరగలేదు."

హిల్డింగ్ కొడుకు రోనీ పళ్ళికిలించాడు. "లైటు ఎట్టా చూస్తది నాన్నా? అద్దంలో మొహం చూసుకోవద్దూ!"

మైకెన్ కారులో అద్దమే లేదు. అయినా జనం నవ్వారు.

"బానెట్ ఎత్తే ఉంది," అంది మైకెన్. "రా మామయ్యా, ఇప్పుడే చూద్దాం. అందరూ రండి."

హిల్డింగ్ కదిలాడు. గబగబా కారు దగ్గరికి దిగి, బానెట్ కిందికి లాగి ధడాలున మూసేసి తిరిగొచ్చాడు.

"ఇక్కడ మనిషి చెయ్యి కాలి కూర్చుంటే నీకు లైటు గొడవా? ముందు అతనికి క్షమాపణ చెప్పు."

ఫోల్కె తలెత్తి చూశాడు. ఎదురు చూస్తున్నాడు.

"నీ చెయ్యి చూడలేకపోతున్నా ఫోల్కె," అంది మైకెన్. "కానీ నేను చూశాను. లైటు వెలగలేదు."

ఫోల్కె మళ్ళీ తల దించి బకెట్లోకి చూశాడు. ఇంకెవరూ మాట్లాడలేదు. మా వైపు ఎవరూ మాట్లాడలేదంటే తీర్పు అయిపోయిందనే లెక్క.

మర్నాడు పొద్దున వృద్ధాశ్రమం వంటింటికి మైకెన్ వెళ్ళేసరికి సిగ్నే వచ్చేసి ఉంది. సిగ్నే ఫోల్కె పెళ్ళాం. వాళ్ళిద్దరే ఆ వంటిల్లు నడుపుతారు. ఎప్పుడూ వచ్చీరాగానే నిలబడి ఒక కాఫీ తాగేవాళ్ళు. ఆ పొద్దున ఒకటే కప్పు బయట ఉంది.

సిగ్నే ట్రేలు తీసి బల్ల మీద ఒక్కొక్కటే పడేస్తోంది. మైకెన్ కత్తి తీసుకుని బంగాళదుంపల ముందు కూర్చుంది.

"ఎండుగడ్డి కొయ్యాల్సిన వారం," అంది సిగ్నే, దుంపల బుట్టకి చెబుతున్నట్టు. "ట్రాక్టరు స్టీరింగ్ పట్టుకోలేడు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నా. చెంచా ఎడమచేత్తో పట్టుకుని గడ్డం మీద పోసుకుంటున్నాడు."

"నేనొచ్చి తోలిపెడతా ట్రాక్టరు. ఇవాళే వస్తా."

"నువ్వా? నువ్వు తోలేది చూశాం గదా."

మైకెన్ చెక్కుతూనే ఉంది. తొక్కతో పాటు దుంపా పోతోంది.

"సిగ్నే. లైటు వెలగలేదు."

"ఒక్క మాట! చూసుకోలేదు, తప్పయింది. అంతే! మా ఆయన ఇంకేమన్నా అడిగాడా నిన్ను? ఆ మాట చెప్తే ఆయన చెయ్యి కాలినా మనసు చల్లబడేది. చచ్చినా చెప్పవు."

"చూడకపోతే ఎప్పుడో చెప్పేదాన్ని."

"అయితే హిల్డింగ్ అబద్ధం చెప్పాడంటావ్."

"తెలీదు."

"తెలీకుండానే అంత పొగరా?" సిగ్నే వచ్చి మైకెన్ ముందున్న గిన్నెలో చూసింది. "ఏందిది? ముసలాళ్ళకి గోలీలు పెడతావా? లే అక్కణ్ణించి."

ఆ సాయంత్రం మైకెన్ షెడ్డులో కారు ముందు నిలబడింది. గొట్టం ముందే ఊడబట్టి ఇంజను బతికింది. ఆమె ముందుగా, నీళ్ళు వేడెక్కగానే ఫ్యాన్‌నీ లైటునీ కలిపే స్విచ్ విప్పింది. బొటనవేలంత ఇత్తడి ముక్క. ఇంజన్లోంచి రేడియేటర్‌కి వేడినీళ్ళు వచ్చే పై గొట్టాన్ని మధ్యలో కోసి, ఆ కోతలో ఒక ఇనప జోడింపు దూర్చి, దానికి ఈ స్విచ్ బిగించాడు హిల్డింగ్.

ఇంట్లోంచి చిన్న గ్యాసు పొయ్యి, పాల గిన్నె తెచ్చింది. స్విచ్‌ని తీగతో గిన్నెలోకి వేలాడదీసింది. కారులో ఉన్న ఆ ఎర్ర లైటునే పీకి తెచ్చి, స్విచ్‌కీ బ్యాటరీకీ కలిపింది. పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. దోమలు మెడమీద వాలుతున్నా కదల్లేదు.

నీళ్ళు ఇంకా మరగనైనా లేదు. లైటు వెలిగింది.

చల్లనీళ్ళు పోసింది. ఆరింది. మళ్ళీ కాచింది. మళ్ళీ వెలిగింది.

మైకెన్‌కి ఒళ్ళు మండిపోయింది. స్విచ్ మంచిదే. లైటు మంచిదే. ఫ్యాన్‌కి తిన్నగా కరెంటిస్తే గిర్రున తిరుగుతోంది. అంటే మామయ్య మాటే నిజం. తను చూడలేదు. ఆ లైటు వెలిగే ఉంటుంది, తను ముందు కారు బురద చూస్తూ లైటు చూడలేదు. ఫోల్కె చెయ్యి తనవల్లే కాలింది.

పాల గిన్నెని గోడకేసి కొట్టింది. అది దొర్లి కారు కిందికి పోయింది.

దాన్ని తీసుకోడానికి వంగింది. వంగినప్పుడు పక్కనుంచి కనిపించింది ఆ గొట్టం. పందెం గుద్దులాటలో పగలకుండా హిల్డింగ్ రేడియేటర్‌ని వెనక్కి జరిపి బాగా కిందికి దించాడు. దాంతో గొట్టం ఇంజన్లోంచి బయల్దేరి, అడ్డ కమ్మీ మీదుగా పిల్లి వీపులా పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతోంది. స్విచ్ ఉండే చోటు సరిగ్గా ఆ వీపు మీద.

మైకెన్ అన్నీ ఎలా ఉన్నాయో అలాగే మళ్ళీ బిగించింది. నీళ్ళు పోసి మూత పెట్టి ఇంజను నడిపి, వేడెక్కేదాకా ఆగింది. గొట్టం ఇంజను వైపు కొస మీద వేలు పెడితే చురుక్కుమంది. అక్కణ్ణించి వేలు మెల్లగా వంపు మీదికి జరిపింది. వంపు నెత్తిన గోరువెచ్చగా ఉంది. అరచెయ్యి వేసి పట్టుకోగలిగింది. నొక్కింది. లోపల గుడగుడమంది.

నీళ్ళు కాదు. గాలి.

నీళ్ళు పోసినప్పుడు మిగిలిపోయిన గాలి, నీళ్ళు తగ్గినప్పుడు చేరిన గాలి, అంతా పైకే పోతుంది. పోయి అక్కడ నిలబడుతుంది. స్విచ్ ఆ గాలిలో కూర్చుని ఉంది. దాని కింద నీళ్ళు మరిగిపోతున్నా దానికి తెలియదు. ఇంజను అంత వేడిమీద ఉన్నా ఫ్యాన్ కదలకుండా ఉంది. లైటూ వెలగలేదు.

ఇంజను ఆపేసింది. "చూశాను," అంది కారుతో. "నేను చూశాను."

మర్నాడు పని అవగానే హిల్డింగ్ షెడ్డుకి వెళ్ళింది. ఆయన ఏదో కారు తలుపుకి రేకు అతుకుతున్నాడు. రోనీ టైర్ల కుప్ప మీద కూర్చుని దాల్చినచెక్క రొట్టె తింటున్నాడు.

"మామయ్యా, గాలి నిలబడుతోంది. స్విచ్ దగ్గర. నువ్వొచ్చి ఒక్కసారి వేలు పెట్టి చూడు."

"నాకు వేలు పెట్టి చూడాల్సిన పన్లేదు."

"రేడియేటర్‌ని దించావు గదా, గొట్టం పైకి లేచింది."

హిల్డింగ్ వెల్డింగ్ ముసుగు నెత్తి మీదికి తోశాడు. "ఇంజన్లోంచి వేడినీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయమ్మాయ్? పై గొట్టంలోంచి. వేడిని వేడి దగ్గర చూడాలా, చల్లారాక చూడాలా?"

"నీళ్ళున్న చోట చూడాలి."

"అబ్బో," అన్నాడు రోనీ. "దుంపలుడికించే చోట బాగా నేర్పుతున్నారే!"

"నువ్వు నోట్లో ఉన్నది మింగి మాట్లాడు," అంది మైకెన్ అతని వైపు తిరక్కుండానే. "మామయ్యా, రేడియేటర్ కిందివైపు పక్కన ఇత్తడి బిరడా ఉంది. దాన్ని తీసి స్విచ్ అక్కడ బిగిస్తే ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది."

"అడుగున చల్లారిన నీళ్ళుంటాయి. అక్కడ పెడితే ఫ్యాన్ ఆలస్యంగా తిరుగుద్ది."

"కాస్త తక్కువ వేడికే కలిసే స్విచ్ పెడతా. ఆలస్యమైనా తిరుగుద్ది గదా. నువ్వు పెట్టిన చోట తిరగనే తిరగలేదు."

"ఎన్ని కార్లకి పెట్టాను పై గొట్టంలో! ఒక్కడొచ్చి అడిగాడా?"

"వాళ్ళ రేడియేటర్లు దించలేదు నువ్వు."

హిల్డింగ్ అతుకుతున్న రేకు వైపు చూశాడు. సుత్తితో దాని అంచు రెండు దెబ్బలు కొట్టాడు. దానికి ఆ దెబ్బలు అక్కర్లేదు.

"మీ అమ్మా ఇంతే. పట్టుకుంటే వదల్దు."

"అమ్మనెందుకు లాగుతావ్?"

"చెప్తా విను. ఓ కేకు చేసుకుని ఫోల్కె ఇంటికి పో. చూసుకోలేదు అని చెప్పు. ఓ నిమిషం పని. అక్కడితో అయిపోద్ది."

"ఎవరికి?"

ఆయన ముసుగు దించుకున్నాడు. షెడ్డంతా తెల్లటి వెలుగు లేచింది. మైకెన్ కళ్ళు పక్కకి తిప్పుకుని వచ్చేసింది.

పాత కార్ల దిబ్బలో ఒక కారులో ఆమెకి కావలసిన స్విచ్ దొరికింది. ఇంటికొచ్చి నీళ్ళన్నీ దింపేసింది. కోసిన పై గొట్టాన్నీ, ఇనప జోడింపునీ తీసి అవతల పారేసి, అతుకులేని కొత్త గొట్టం వేసింది. రేడియేటర్ కింద పక్కనున్న బిరడా ఎన్నేళ్ళనుంచో కదిలినట్టు లేదు. నూనె పోసి ఆగింది. పానా పెట్టి తిప్పితే జారింది, పిడికిలి కమ్మీకి తగిలి తోలు లేచిపోయింది. ఒక బూతు మాట అని మళ్ళీ పెట్టింది. ఈసారి కిర్రుమని కదిలింది.

కొత్త రాగి వాషరు వేసి స్విచ్ చేత్తోనే చివరిదాకా తిప్పి, పానాతో కొద్దిగా బిగించింది. ఎక్కువ బిగిస్తే రేడియేటర్ అంచు చీలుతుంది. తీగలు పొడుగు చేసి, ఫ్యాన్ రెక్కలకి అందకుండా కట్టేసింది. తర్వాత కారు ముందు భాగాన్ని జాకీతో ఎత్తింది. రేడియేటర్ మూత అన్నిటికంటే పైకి రావాలి, అప్పుడే గాలికి దారి ఉంటుంది. నీళ్ళు పోస్తూ, గొట్టాన్ని ఆవు పొదుగు పిండినట్టు పిండుతూ, బుడగలు ఆగేదాకా కూర్చుంది. ఇంజను నడిపింది. కాసేపటికి లైటు వెలిగింది, ఫ్యాన్ గాలి మొహానికి కొట్టింది. ఇంకాసేపటికి రెండూ ఆగాయి. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆగింది.

అలా చూస్తూ కూర్చుంటే సంతోషం రాలేదు. ఇంత చిన్న పని. ఇంత చిన్న పనికి ఒక మనిషి చెయ్యి.

ఆదివారం ఎండ బాగా కాసింది. గుంటలో గాలి కూడా ఆడలేదు. మైకెన్ ట్రైలర్ దించుతుంటే జనం పలకరించలేదు. చూసి పక్కకి తిరిగారు.

ఫోల్కె వచ్చాడు. కుడిచేతికి వేళ్ళదాకా తెల్లటి కట్టు. జెండా ఎడమచేతిలో. సిగ్నే తమ కారు డోరు తీసి పెట్టుకుని లోపలే కూర్చుంది.

పందెం మొదలయ్యే గీత దగ్గర వరసలో నిలబడే సమయమే అన్నిటికంటే చెడ్డది. కారు కదలదు, గాలి తగలదు, ఇంజను నడుస్తూనే ఉంటుంది. అధికారులు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆలస్యమవుతోంది. మైకెన్ ముందు లైటు వెలిగింది. బానెట్ కింద ఫ్యాన్ గుయ్యిమని లేచింది.

"ఫోల్కె!" అని కిటికీ జాలీలోంచి అరిచింది. "ఇటురా ఒకసారి."

అతను వంగి చూశాడు. ఆమె లైటు చూపించింది.

"వెలిగింది," అన్నాడు.

"వెలిగింది. చోటు మార్చాను. పోయిన ఆదివారం ఇక్కడే నిలబడ్డాను, ఇంతసేపూ. అప్పుడు వెలగలేదు."

అతను లైటు ఆరేదాకా వంగే ఉన్నాడు. ఆరాక నడుం పట్టుకుని లేచి తన చోటికి పోయాడు. అంతే. మైకెన్ పళ్ళు నూరుకుంది. ఆ కోపంతోనే తోలింది. మొదటి పందెంలోనూ, తర్వాత దాంట్లోనూ, చివరిదాంట్లోనూ ఎవరికీ దారివ్వలేదు. రోనీ లోపలి వైపునుంచి దూరబోతే తలుపు తలుపుకి ఆనించి మట్టికట్ట మీదికి నెట్టింది. చివరి పందెం గెలిచేసరికి ఇంజను ఉక్కిరిబిక్కిరి కాలేదు, ఒక చుక్క కారలేదు.

గెలిచినవాళ్ళకి భయం అప్పుడే మొదలవుతుంది. ఈ పందెంలో రూలు అది. అయిపోయాక ఏ కారునైనా ఎవరైనా కొనుక్కోవచ్చు. అన్ని కార్లకీ ఒకటే ధర. చీటీ రాసి అధికారుల గుడారంలో ఉన్న పెట్టెలో వేస్తే చాలు. ఒకే కారుకి నలుగురు వేస్తే చీటీ తీస్తారు. అమ్మనంటే లైసెన్సు పోతుంది. గీత దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఇవ్వాలి, ఒక్క బోల్టు విప్పకూడదు. డబ్బున్నవాడు కారుమీద డబ్బు కుమ్మరించకుండా పెట్టిన రూలు. అందుకే మా వాళ్ళు కారుకి ఎంత కావాలో అంతే చేస్తారు, ఆపైన చెయ్యి పెట్టరు.

మైకెన్ గుడారం దగ్గరికి వచ్చేసరికి చీటీలు వేసేవాళ్ళ వరసలో హిల్డింగ్ ఉన్నాడు.

"నువ్వా?" అంది.

"రూలే గదా," అన్నాడు ఆయన, చీటీ మడతపెడుతూ. "ఎవరైనా వెయ్యొచ్చు."

గుడారంలో గన్‌బ్రిత్ అనే ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి కలిపి చీటీ తీసింది. కళ్ళజోడు సర్దుకుంది.

"హిల్డింగ్," అని చదివింది. "మైకెన్, తాళం ఇవ్వమ్మా."

మైకెన్ తాళం పిడికిట్లో పట్టుకుని నిలబడింది. చుట్టూ జనం. ఫోల్కె ముందు వరసలో ఉన్నాడు. పిడికిలి మీద తోలు లేచిన చోట మళ్ళీ రక్తం ఊరింది.

"లైసెన్సు పోద్ది పిల్లా," అంది గన్‌బ్రిత్ మెల్లగా.

మైకెన్ తాళం బల్ల మీద పెట్టింది. పడేసింది అనాలి.

రోనీ అప్పటికే బానెట్ ఎత్తాడు. "నాన్నా, చూడు చూడు! నువ్వు పెట్టిన స్విచ్ పీకేసి అడుగున తగిలించింది! ఇంటికి పోగానే పైకి మార్చేస్తా."

"ముట్టుకోకు," అన్నాడు హిల్డింగ్.

"ఎందుకు? నువ్వే గదా అడుగున పెడితే..."

"ముట్టుకోవద్దన్నానా!"

రోనీ చెయ్యి గాల్లోనే ఆగింది. జనం కారు చుట్టూ మూగారు. ఫోల్కె వచ్చి బానెట్ లోపలికి తొంగి చూశాడు. కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని చూశాడు.

మైకెన్ కారు దగ్గరికి నడిచింది. అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకి కారు సంగతులు చెప్పి పంపాలి. అదీ మా దగ్గర ఉన్న పద్ధతే.

"నీళ్ళు మార్చేటప్పుడు ముందు భాగం జాకీతో ఎత్తి పొయ్యి మామయ్యా," అంది. "గొట్టం వంపులో గాలి నిలబడిపోద్ది."

"తెలుసు," అన్నాడు హిల్డింగ్ చిరాగ్గా. "ఆ వంపులో నిలబడుద్దని నాకు తెలీదా?"

అన్నాక నోరు మూశాడు. ఆలస్యమైపోయింది.

ఫోల్కె బానెట్ లోంచి తల బయటికి తీశాడు.

"ఎప్పట్నించి తెలుసు హిల్డింగ్?"

హిల్డింగ్ టోపీ తీసి లోపలికి చూశాడు, జవాబు అందులో ఉన్నట్టు.

"రేడియేటర్ దించినప్పుడు చూశా," అన్నాడు. "ఆ బిరడా రావాలంటే సగం పూట పడుద్ది. రేపో మాపో ఎవడి చేతికి పోద్దో తెలీని కారు. దానికి అంత పని ఎవడు చేస్తాడు? నువ్వు చేస్తావా? ఎవరన్నా చేస్తారా ఇక్కడ?"

జనం తమ కార్ల వైపు చూసుకున్నారు.

"నేను చేశాను," అంది మైకెన్.

ఫోల్కె జెండా చంకలో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి హిల్డింగ్ భుజం మీద వేశాడు. కొట్టేవాడిలా లేడు, వదిలేవాడిలానూ లేడు.

"పద. సిగ్నే అక్కడ కారులో కూర్చుంది. ఈ ముక్క నువ్వే చెప్పు."

"ఫోల్కె, తర్వాత వస్తా లే..."

"ఇప్పుడే."

ఇద్దరూ గడ్డి మీదుగా పోతుంటే జనం దారిచ్చారు. మైకెన్ వెనక్కి తిరిగి చూడలేదు. సిగ్నే మొహం ఎలా మారుతుందో చూడాలని ఆమెకి లేదు. వారమంతా ఆ మొహం చూసింది చాలు.

రోనీ కారుని ట్రైలర్ ఎక్కించి పట్టీలు వేసి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక బూటుతో మట్టి గీకుతున్నాడు.

మైకెన్ వచ్చి పట్టీ లాగి చూసింది. వదులుగా ఉంది.

"ఇట్టా తీసుకుపోతే మొదటి మలుపులో జారుద్ది," అంది.

"సరిపోద్దిలే మైకెన్..."

"జరుగు."

ఆమె పట్టీ విప్పి, చక్రం చుట్టూ సరిగా తిప్పి, రెండు చేతులా మీట పట్టుకుని లాగింది. కారు ముక్కు కిందికి దిగింది. ఇంకొకసారి లాగింది. ట్రైలర్ కిర్రుమంది. ఇంకొకసారి లాగింది.